గుండె మీది పట్టీ

ఆ ఏడు సోయాబీన్ కోతలూ జిల్లా పరిషత్ ఎన్నికలూ ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి.

మా మామ శంకర్రావు పాటిల్ టికెట్ కోసం తిరుగుతున్నాడు. పార్టీ వాళ్లు దాదాపు ఒప్పుకున్నారు కూడా. అలాంటి సమయంలో ఉమ్రి సభలో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయాడు. మైకు కడ్డీ పట్టుకుని, కళ్లు మూసుకుని, పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు. ఒక్క నిమిషమే. నీళ్లు తాగి లేచి మళ్లీ మాట్లాడాడు. కానీ ఆ ఒక్క నిమిషం సాయంత్రానికల్లా అందరి ఫోన్లలోకీ ఎక్కింది. మర్నాడు కుండల్‌వాడి మార్కెట్లో, పాటిల్ పని అయిపోయిందని చెప్పుకున్నారు.

నాందేడ్‌లో టికెట్లు పంచే పెద్దమనిషి మామను పిలిపించి మర్యాదగానే చెప్పాడట. పోయినసారి ఒకాయనకు టికెట్ ఇస్తే ప్రచారమంతా ఆస్పత్రి మంచం మీదే గడిపాడు, ఈసారి గుండె బాగుందని డాక్టర్ రాసిచ్చిన కాగితం చూశాకే పేరు ఖాయం చేస్తాం అని.

మామ నన్ను వెంటబెట్టుకుని నాందేడ్ ఆస్పత్రికి వెళ్లాడు. పెళ్లికి ముందు నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేశాను. ఆరు నెలలు ఉద్యోగం కూడా చేశాను. పెళ్లయిన ఐదేళ్లలో నా చదువు ఆ ఇంట్లో ఒకరికి గుర్తు రావడం అదే మొదటిసారి.

డాక్టర్ ఈసీజీ తీయించాడు. అందులో ఏమీ లేదు. "గుండె లయ తప్పేది ఎప్పుడో ఒక్క నిమిషం. ఆ నిమిషంలో మీరు నా ముందు ఉండరు కదా," అన్నాడు మరాఠీలో. బల్ల సొరుగులోంచి అరచేతిలో ఇమిడే తెల్లటి పట్టీ ఒకటి తీశాడు. దానికి తీగలేవీ లేవు. ఎడమ రొమ్ము మీద అంటిస్తే ఏడు రోజుల పాటు గుండె కొట్టుకునే తీరంతా పట్టుకుంటుంది. దాంతోపాటు ఇచ్చే చిన్న ఫోన్‌ను మనిషి జేబులోనే ఉంచుకోవాలి. పట్టీ నుంచి ఫోన్‌కు, ఫోన్ నుంచి ఆస్పత్రిలో తెర ముందు కూర్చునే వాళ్లకు అంతా వెళుతుంది. ఎక్కడ లయ తప్పినా నిమిషాల్లో తెలిసిపోతుంది. పట్టీ మధ్యలో చిన్న బటన్. దడగా ఉన్నా, కళ్లు తిరిగినా దాన్ని నొక్కాలి. ఇంటి తరఫున ఎవరికి ఫోన్ చెయ్యాలని అడిగితే మామ నా నంబరు రాయించాడు.

"ఇంటికి పొయ్యి తానం చేసి పెట్టుకుంట. మా కోడలికి ఇదంతా ఎరుకే," అన్నాడు. డాక్టర్ ఎలా అంటించాలో నాకు చూపించి పంపాడు.

కారు నర్సీ ఊరు దాటాక మామ నా వైపు తిరిగాడు.

"స్నేహల్, ఇది పెట్టుకుంటే నేను దొరుకుత గదా?"

"దొరికితె మంచిదే గద మామా. మందులిస్తరు."

"మందులిస్తరు. టికెట్ ఇస్తరా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఇది ఎవరి రొమ్ము మీదున్నదో నాందేడ్ల కూసున్నోళ్లకు కనిపిస్తదా?" అని అడిగాడు.

"కనిపియ్యది."

"ఈ ఎలక్షన్ ఒక్కటి గట్టెక్కనియ్యి బిడ్డా. నువ్వు నాందేడ్ల నౌకరి చేస్తనంటివి గద, చెయ్యి. నితీశ్‌కు నేను చెప్త."

నితీశ్ నా భర్త. నౌకరి మాట ఎత్తినప్పుడల్లా అతను అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. అందుకే ఆ మాట నాకు చెవిలో చల్లగా పడింది. ఎవరి రొమ్ము మీద అంటించాలని నేను అడగలేదు. అడగకుండానే తెలిసింది.

*

సంగప్ప మా సాల్గడి. ఉగాదికి ఉగాదికి ఏడాది జీతానికి కుదురుకునే మనిషి. పదకొండేళ్లుగా మా ఇంట్లోనే. నలభై రెండేళ్ల వయసులో రెండు సోయాబీన్ బస్తాలు రెండు భుజాల మీద వేసుకుని ట్రాక్టర్ ఎక్కేవాడు. గట్టి గుండె కావాలంటే ఊళ్లో ఎవరైనా అతన్నే చూపిస్తారు.

మర్నాడు పొద్దున్నే కొట్టం ముందు మంచం వేయించి మామ అతన్ని కూర్చోబెట్టాడు. పక్కన అతని భార్య మైసవ్వ కొంగు తల మీదికి లాక్కుని నిలబడింది.

"ఇన్నేండ్ల సంది కష్టం చేస్తున్నవు సంగప్పా. నీ పానం ఎట్లున్నదో చూపిద్దామని నాందేడ్ నుంచి మిషన్ తెచ్చిన," అన్నాడు మామ.

"నాకెందుకు పటేలా? నేను ఎద్దు లెక్క ఉన్న."

"ఉన్నవని మిషన్ల రావాలె."

సంగప్ప సిగ్గుపడుతూ అంగీ విప్పాడు. నేను బ్లేడుతో వెంట్రుకలు తీసి, స్పిరిట్‌తో తుడిచి, పట్టీ అంటించి, అంచులు వేలితో గట్టిగా ఒత్తాను. ఫోన్‌ను గుడ్డ సంచిలో పెట్టి మొలతాడుకు కట్టుకొమ్మన్నాను. డాక్టర్ చెప్పినదంతా అలవాటు కొద్దీ అప్పజెప్పాను.

"కండ్లు తిరిగినట్టయితె ఇగో, ఈ నడుమ ఒక్కసారి నొక్కు."

"అప్పుడప్పుడు తిరుగుతయి చిన్నమ్మా. ఒంగి లేస్తె సీకటయితది. గడియసేపు. అది అందరికుండేదే గద?"

నేను విన్నాను. అంచులు ఒత్తుతూనే విన్నాను. మామ కూడా విన్నాడో లేదో తెలియదు. అప్పటికే ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ గేటు వైపు నడుస్తున్నాడు.

మైసవ్వ నా చేతులు పట్టుకుంది. "మీ కడుపు సల్లగుండ చిన్నమ్మా. సాల్గడోని పానం గురించి ఎవలడుగుతరు?"

ఐదు రోజులు ఏ ఫోనూ రాలేదు. రోజూ సాయంత్రం నా ఫోన్‌కు ఒక సందేశం వచ్చేది. శంకర్రావు పాటిల్, అంతా సవ్యం. మామ దాన్ని నా చేత రెండుసార్లు చదివించుకునేవాడు.

ఆరో రోజు పొద్దున పది దాటాక మా వాకిట్లో పదిహేను మంది ఉన్నారు. ఏ ఊళ్లో ఎవరు తిరగాలో మాట్లాడుకుంటున్నారు. నేను పోహా ప్లేట్లు అందిస్తుంటే ఫోన్ మోగింది. అవతల ఒక అమ్మాయి. పేరు ప్రజ్ఞ అని, ఆస్పత్రిలో మానిటర్ చూసే విభాగం నుంచి అని చెప్పింది. గొంతులో తొందర.

"శంకర్రావు పాటిల్ గారు ఎక్కడున్నారు?"

"ఇక్కడే ఉన్నారు."

"స్పృహలో ఉన్నారా?"

నేను మామ వైపు చూశాను. ఎవరో ఏదో అన్నట్టున్నారు, చెయ్యి ఎత్తి పెద్దగా నవ్వుతున్నాడు.

"ఉన్నారు. టీ తాగుతున్నారు."

"టీ తాగుతున్నారా? పది గంటల ఇరవై నిమిషాలకు ఆయన గుండె వేగం రెండు వందల పది దాటింది. పద్దెనిమిది సెకన్లు అలాగే ఉంది. ఆయన బటన్ కూడా నొక్కారు. వెంటనే పడుకోబెట్టండి. అడుగు కూడా వెయ్యనివ్వకండి. బండిలో నేరుగా ఇక్కడికి తీసుకురండి. ఇది మళ్లీ వస్తే ఆగిపోవచ్చు."

"ఏది?"

"గుండె, మేడమ్."

మామను లోపలి గదిలోకి పిలిచాను. అత్త ఇందుబాయి, నితీశ్ కూడా వచ్చారు. తలుపు వేసి చెప్పాను. అత్త ముఖం పాలిపోయి, "మీకెప్పుడయింది? చెప్పలేదేంది?" అని మామ చెయ్యి పట్టుకుంది.

"నాది కాదు. పట్టీ సంగప్ప మీదున్నది."

అత్త గుండెల మీద చెయ్యి వేసుకుని మంచం మీద కూర్చుంది. "సంగప్పదా? అమ్మయ్య! నా పానం పోయినట్టే అయింది." ఆ మాట ఆవిడ చెడ్డ మనసుతో అనలేదు. అందుకే అది నా చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు.

"మామా, సంగప్పను ఇప్పుడే తీస్కపోదాం," అన్నాను.

"ఏ పేరు మీద?" అన్నాడు మామ. "అక్కడ ఉన్నది నా పేరు. సంగప్పను తీస్కపోతే, ఇతని గుండె నీ పేరు మీదెట్ల అచ్చిందని అడుగరా? ఆ ముచ్చట బయటపడితే రేపటికి నాందేడ్ దాక పోదా?"

"మరి పానం..."

"చూపిద్దాం. నేను వద్దన్ననా? ఇంకొక్క చేనున్నది. కోతలైనంక మంచి డాక్టర్‌కే చూపిద్దాం. పది పదిహేను రోజులల్ల ఏమయితది? ఇన్నేండ్లు కాంది ఇప్పుడయితదా?" అని నా వైపు తిరిగాడు. "అసలు ఆ బటన్ నొక్కుమని చెప్పమన్నదెవరు నిన్ను?"

నితీశ్ మోటార్ సైకిల్ తాళం తీసుకున్నాడు. "ముందు ఆ పట్టీ తెద్దాం. నాయినకు అది పెట్టే తీస్కపోవాలె. చెమటకు ఊడింది, తప్పు చూపిచ్చిందని చెప్పొచ్చు."

మామ ఇంకొక్క మాటే అన్నాడు, మెల్లగా. "నీ నౌకరి సంగతి నేను మర్వలేదు స్నేహల్."

*

చేలో నూర్పిడి మిషన్ ఆడుతోంది. దుమ్ము, పొట్టు, చెవులు పగిలే చప్పుడు. సంగప్ప పంగలకర్రతో కట్టలు ఎత్తి మిషన్ నోట్లో వేస్తున్నాడు. నన్ను చూసి కర్ర పక్కన పెట్టి వేపచెట్టు కిందికి వచ్చాడు. ముఖమంతా పొట్టు. పెదవులు తెల్లగా ఉన్నాయి.

"చిన్నమ్మా, ఇందాక నొక్కిన. కండ్లు సీకట్లయినయి, గుండె కోడిపిల్ల లెక్క కొట్టుకున్నది. మీరు జెప్పినట్టే నొక్కిన. అచ్చిందా మీకు?"

"పట్టీ తీసేస్త. చెమటకు తడిసింది," అన్నాను.

మొలతాడుకున్న ఫోన్ సంచి నా చేతికిచ్చి అంగీ గుండీలు విప్పాడు. పట్టీ అంచుకు గోరు పెట్టి లాగాను. చర్మంతో పాటు లేచి వచ్చింది. అతను చిన్నగా మూలిగి నవ్వాడు. రొమ్ము మీద నలుచదరంగా ఎర్రటి మచ్చ మిగిలింది.

"ఏమన్న అచ్చిందా అండ్ల?"

నితీశ్ మోటార్ సైకిల్ మీద కూర్చుని ఇంజన్ ఆపకుండా చూస్తున్నాడు. అయినా అతను దూరంగా ఉన్నాడు. నేనేం చెప్పినా అతనికి వినిపించదు. ఆ చప్పుడులో సంగప్పకు ఒక్కడికే వినిపిస్తుంది.

"అంతా మంచిగనే అచ్చింది. ఎండకు అట్లయితది. నీళ్లు బాగ తాగు," అన్నాను.

"నేను జెప్పలేదా?" అని సంగప్ప గుండీలు పెట్టుకున్నాడు. పంగలకర్ర ఎత్తుకుని మళ్లీ మిషన్ వైపు నడిచాడు.

అదే పట్టీని ఇంటి దగ్గర మామ రొమ్ము మీద టేపు వేసి అంటించాను. మధ్యాహ్నానికి నాందేడ్‌లో ఉన్నాం. డాక్టర్ దాన్ని పీకి వెలుతురులో పెట్టి చూశాడు. జిగురు నిండా సోయాబీన్ పొట్టు.

"చేలో తిరిగారా?"

"రైతును గద సాబ్. కోతలు నడుస్తున్నయి."

"బటన్ ఎందుకు నొక్కారు?"

మామ నా వైపు చూశాడు. నేను చక్కటి మరాఠీలో చెప్పాను. చెమటకు అంచు లేచింది సర్, నేనే మళ్లీ ఒత్తి అంటించాను, అప్పుడు నా వేలు తగిలి ఉంటుంది. నేను ల్యాబ్ టెక్నీషియన్‌నని ఆయనకు తెలుసు. ఇంట్లో ఇంకెవరు చెప్పి ఉన్నా నమ్మేవాడు కాదేమో. అయినా మామను మూడు గంటలు మంచం మీద పడుకోబెట్టి చూశాడు. గుండె సాఫీగా కొట్టుకుంది. చివరికి తన చేత్తోనే కొత్త పట్టీ అంటించి, "ఇంకో ఏడు రోజులు. ఈసారి చేలోకి వెళ్లకండి," అన్నాడు.

ఇంటికి రాగానే మామ దాన్ని తీసి బల్ల మీద పెట్టాడు. నితీశ్‌కు సిగరెట్ల అలవాటు, అత్తకు బీపీ. మిగిలింది నేను. స్నానాల గదిలోకి వెళ్లి జాకెట్ హుక్కులు విప్పుకున్నాను.

ఆ ఏడు రోజులు నా గుండె మామ పేరు మీద కొట్టుకుంది. రొట్టెలు చేస్తున్నప్పుడు, బట్టలు ఆరేస్తున్నప్పుడు, నితీశ్‌తో మాట్లాడుతున్నప్పుడు, అన్నీ నాందేడ్‌కు వెళుతున్నాయని తెలుసు. సంగప్ప టీ కోసం గేటులోకి వచ్చినప్పుడల్లా లోపల ఎగిరిపడేది. మూడో రోజు ప్రజ్ఞ ఫోన్ చేసింది.

"ఇప్పుడే వేగం కొంచెం పెరిగింది. పాటిల్ సాబ్ ఏమైనా పరిగెత్తారా?"

"మెట్లెక్కారు," అన్నాను. సంగప్ప అరుగు మీద కూర్చుని టీ సాసర్లో పోసుకుంటున్నాడు.

ఫోన్ పెట్టేసి అతని దగ్గరికి వెళ్లాను. "సంగప్పా, ఈ నాలుగు రోజులు బరువు పనులు చెయ్యకు."

"ఎందుకు చిన్నమ్మా? మిషన్ల మంచిగనే అచ్చె గద?"

మామ అప్పుడే గదిలోంచి బయటికి వచ్చి చెప్పులు తొడుక్కుంటున్నాడు. వంగి ఉన్నవాడు వంగే ఉండి, నా జవాబు కోసం ఆగాడు.

"ఆ, మంచిగనే అచ్చింది," అన్నాను.

ఎనిమిదో రోజు డాక్టర్ కాగితాలన్నీ తిప్పి చూసి మామతో చెయ్యి కలిపాడు. "పాటిల్ సాబ్, మీ వయసులో ఇంత శుభ్రమైన గుండె నేను ఈ మధ్య చూడలేదు," అన్నాడు. కాగితం మీద సంతకం చేసి ఇచ్చాడు. మొదటి పట్టీలో వచ్చినదాన్ని చెమట వల్ల వచ్చిన తప్పుగా రాసుకున్నాడు. రెండు రోజులకు టికెట్ ఖాయమైంది. వాకిట్లో డప్పులు మోగాయి. ఊరంతా పేడాలు పంచమని మామ చెబితే ఆ డబ్బాలు నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది సంగప్పే.

*

ఆ ఒక్క చేను మిగిలింది. నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం పూట అది నూరుస్తున్నారు.

ట్రాక్టర్ వేగంగా వస్తున్న చప్పుడు విని బయటికి వచ్చాను. బస్తాలు దించే సమయం లేక నితీశ్ సంగప్పను బస్తాల మీదే వేసుకుని వచ్చాడు. ట్రాలీ మీదికి ఎక్కాను. మణికట్టు పట్టుకున్నాను. మెడ దగ్గర చూశాను. అంగీ చింపి, నేర్చుకున్నట్టే రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కడం మొదలుపెట్టాను. నా అరచేతి పక్కనే ఆ నలుచదరపు మచ్చ. ఎరుపు పోయి గోధుమ రంగుకు తిరిగింది. నా జాకెట్ లోపల కూడా అలాంటిదే, ఇంకా దురద పెడుతూ ఉంది. నొక్కుతూనే ఉన్నాను. బస్తాలు కింద జారుతున్నాయి. చివరికి నితీశ్ నా భుజం పట్టి వెనక్కి లాగాడు.

మైసవ్వ పక్క చేలోంచి పరిగెత్తుకొచ్చింది. ఆవిడ అరుపులు నేను రాయలేను. వాళ్ల కూతురు శీతల్, పంతొమ్మిదేళ్ల పిల్ల, బిలోలి కాలేజీ నుంచి అప్పుడే జీపు దిగి వచ్చింది. తండ్రి తల దగ్గర నిలబడింది. ఏడవలేదు. రొమ్ము మీది మచ్చ వైపే చూస్తూ ఉంది.

మామ ప్రచారం మధ్యలో వదిలి వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని, "ఎసొంటి మనిషి! ఇట్లయితదని ఎవలకెరుక?" అని కళ్లు తుడుచుకున్నాడు. నటన కాదు. నిజంగానే ఏడ్చాడు. కర్మకాండలకు కావలసినవన్నీ దగ్గరుండి చూశాడు. ఊళ్లో వాళ్లు ఆయన మంచితనం గురించి మాట్లాడుకున్నారు.

పదో రోజు దాటాక మైసవ్వ మా ఇంటికి వచ్చింది. ఇంట్లో నేనొక్కదాన్నే. వంటగది గడప బయట కూర్చుంది. టీ ఇస్తే పక్కన పెట్టుకుంది.

"ఒక్క మాట అడుగుత చిన్నమ్మా. ఊర్ల తలా ఒక తీరు అంటుండ్రు. తాగిండని ఒకలు, గాలి సోకిందని ఒకలు. మీరు వారం రోజులు మిషన్ పెట్టి సూసిండ్రు గద. అండ్ల ఏమన్న అచ్చెనా? నాకు జెప్పుర్రి, ఎవలకు జెప్ప."

చెప్పకుండా ఆపడానికి ఆ ఇంట్లో ఎవరూ లేరు. నితీశ్ లేడు, మామ లేడు, మిషన్ చప్పుడు లేదు.

"ఏం రాలె మైసవ్వా. అంతా మంచిగనే అచ్చింది."

మైసవ్వ తల ఊపింది. ముఖంలో ఏదో సద్దుమణిగింది. "అయితె ఆని రాతనే అంత. మనం సూపియ్యక కాదు. సూపిచ్చినం. మీరు సూపిచ్చిండ్రు. ఈ సుట్టుపక్కల ఏ సాల్గడికి అట్ల సూపిచ్చిండ్రు?" అని లేచి నా కాళ్లకు వంగింది. నేను వెనక్కి జరిగాను. జరిగినా, వంగి నేలకు దండం పెట్టి వెళ్లింది.

*

మామ గెలిచాడు. గెలిచిన నెలకు ఎవరికీ చెప్పకుండా హైదరాబాద్ వెళ్లి, సొంత పేరు మీద, సొంత రొమ్ము మీద అన్ని పరీక్షలూ చేయించుకున్నాడు. మందులు రాశారు. వేళకు వేసుకుంటాడు. బాగానే ఉన్నాడు.

నాకిచ్చిన మాట కూడా నిలబెట్టుకున్నాడు. నాందేడ్‌లో ఒక ఆస్పత్రిలో ఈసీజీ గదిలో నాకు ఉద్యోగం దొరికింది. నితీశ్ ఊళ్లో, నేను ఇక్కడ గది తీసుకుని. మొదట వారానికోసారి వెళ్లేదాన్ని. తర్వాత నెలకోసారి. నేను వెళ్లినప్పుడు మామ నా కళ్లలోకి చూడడు. అత్త మాత్రం ఎప్పటిలాగే మాట్లాడుతుంది. ఆ ఇంట్లో మేం నలుగురం కూర్చుని అన్నం తిని చాలా రోజులైంది.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక పొద్దున శీతల్ ఆస్పత్రిలో మా ఈసీజీ గది తలుపు దగ్గర నిలబడి ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు. చిక్కిపోయింది.

"మీరున్నరని అచ్చిన అక్కా."

పోలీస్ ఉద్యోగాల భర్తీకి తయారవుతోందట. రోజూ పొద్దున పరుగు. నాలుగు రోజుల కింద పరిగెడుతూ పడిపోయింది. స్నేహితురాళ్లు సర్కారీ దవాఖానాకు తీసుకెళ్లారు. అక్కడి డాక్టర్ ఈసీజీ, ఎకో తీయించి, గుండె కండరం మందంగా ఉందన్నాడు. ఇక పరుగు మాట మర్చిపొమ్మన్నాడు. నేను కాగితాలు తీసుకుని చూశాను. ఆ గీతలు ఏం చెబుతున్నాయో ఈ కొన్ని నెలల్లో నాకు బాగానే అలవాటైంది.

"ఇది పుట్టుకతోని అస్తదట. అమ్మ నుంచో నాయిన నుంచో. ఇంట్ల ఎవలన్న ఒక్కసారిగ సచ్చిపొయిండ్రా అని అడిగిండు డాక్టర్. నాయిన పొయిండని జెప్పిన. ఆయన గుండె ఎప్పుడన్న సూపిచ్చిండ్రా అని అడిగిండు. సూపిచ్చినం, మంచిగనే అచ్చిందట అని జెప్పిన. ఆయన నమ్మలె." నా ముఖంలోకి చూసింది. "అక్కా, నాయినకు మిషన్ పెట్టినప్పుడు ఏం అచ్చింది?"

తల్లికి చెప్పిన మాటే మళ్లీ చెప్పవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"ఆరో రోజు అచ్చింది. పొద్దుగాల పది గంటల ఇరవై నిమిషాలకు. పద్దెనిమిది సెకండ్లు," అన్నాను.

"ఎవలు జెప్పిండ్రు?"

"నాకే ఫోన్ చేసిండ్రు."

తర్వాత అన్నీ చెప్పాను. పేరు ఎవరిది, పట్టీ ఎవరి మీద, టికెట్, వేపచెట్టు కింద నేనన్న మాట, ఆ తర్వాత ఏడు రోజులు నా రొమ్ము మీద పెట్టుకున్నది, అన్నీ. ఎక్కడా ఆగలేదు. శీతల్ ఈసీజీ మంచం అంచున కూర్చుని విన్నది. మధ్యలో ఒక్కటే అడిగింది.

"నాయిన నొక్కిండా ఆ బటన్?"

"నొక్కిండు."

అప్పుడు మాత్రం గోడ వైపు తిరిగింది. భుజాలు కదల్లేదు. కాసేపటికి ఓణీతో ముఖం తుడుచుకుని ఇటు తిరిగింది.

"నేను ఊరికి అచ్చి మైసవ్వకు చెప్త శీతల్. ఈ ఆదివారమే అస్త."

"వద్దు."

"నేను చెప్పాలె."

"అమ్మ పొద్దూకి దీపం పెట్టి మీ ఇంటి పేరు జెప్పి మొక్కుతది. పటేల్ సూపిచ్చిండు, చిన్నమ్మ తన సేతులతోని సూసింది, అయినా దేవుడు తీస్కపాయె అనుకుంట కండ్లు మూస్తది. నాయిన పోయినంక దానికి అదొక్కటే ఉన్నది." శీతల్ గొంతు ఎక్కడా పెరగలేదు. "మీరు జెప్తె మీకు బరువు దిగుతది. దానికేం మిగుల్తది అక్కా?"

కాగితాలు తిరిగి ఇచ్చాను. ఒక్కొక్కటీ మడతలు సరిచేసి కవరులో పెట్టుకుంది.

"మా డాక్టర్‌కు ఇవి సూపియ్యాలె. ఆ టైము, ఆ సెకండ్లు. ఒక కాగితం మీద రాసియ్యిర్రి," అన్నది.

రాసిచ్చాను. సంగప్ప పేరు పైన రాసి, కింద తేదీ, సమయం, గుండె వేగం, ఎంతసేపు, అన్నీ. శీతల్ దాన్ని చదువుకుంది. తండ్రి పేరు దగ్గర వేలు పెట్టి కాసేపు ఆగింది. తర్వాత లేచి తలుపు తీసింది. బయట బెంచీ మీద ఒక ముసలాయన తన వంతు కోసం చూస్తున్నాడు. ఆయన లేవబోతుంటే మోచెయ్యి పట్టుకుని లేపి, లోపలిదాకా తీసుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టి వెళ్లిపోయింది.